నార్త్‌ఫీల్డ్ బ్యాంకులో దొంగలకు దక్కింది 26 డాలర్ల 70 సెంట్లు

ఒక రెండు నిమిషాల వీడియో నాకు ఇప్పటికే మూడు గ్రూపుల్లోంచి వచ్చింది. తెర మీద గుర్రాలు, దుమ్ము. వెనక ఈలపాట. గంభీరమైన తెలుగు గొంతు ఒకటి చెప్పుకుపోతుంటుంది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇది:

"అమెరికాలో మొట్టమొదటి బ్యాంకు దోపిడీ జరిగిన భవనం ఇదే. మిన్నెసోటా రాష్ట్రం, నార్త్‌ఫీల్డ్ ఊరు, 1876. పేదల పాలిట దేవుడు జెస్సీ జేమ్స్ మరో ఏడుగురితో వచ్చి ధనవంతులు దాచుకున్న లక్షల డాలర్లు ఊడ్చుకెళ్ళాడు. ఎవరూ తెరవలేని టైమ్ లాక్ పెట్టెను కూడా తెరిపించాడు. చుట్టుముట్టిన పోలీసులను చీల్చుకుని మాయమయ్యాడు. ముఠాలో ఒక్కరూ దొరకలేదు. ఆ సొమ్మంతా పేదలకు పంచాడు."

ఊరి పేరు నిజం, సంవత్సరం నిజం, వచ్చినవాళ్ళు ఎనిమిది మంది అన్నదీ నిజం. జెస్సీ జేమ్స్ అప్పట్లో పేరుమోసిన దోపిడీ దొంగ అన్నదీ నిజమే. ఆ తర్వాత చెప్పినదాంట్లో నిజం వెతుక్కోవాలి.

ముందు ఆ బొమ్మ సంగతి. వీడియోలో చూపించింది ఎత్తైన పాలరాతి స్తంభాలున్న గుడిలాంటి కట్టడం. అది నార్త్‌ఫీల్డ్ బ్యాంకు కాదు. అసలు భవనాన్ని స్క్రైవర్ బిల్డింగ్ అంటారు. ఊరి నడిబొడ్డున, చౌరస్తా మూల మీద రెండంతస్తుల రాతి కట్టడం, కమాను కిటికీలు. 1868లో వ్యాపారి హైరమ్ స్క్రైవర్ కట్టించాడు. చౌరస్తా వైపు ముఖం పెట్టిన పెద్ద భాగం దుకాణాలది. ఫస్ట్ నేషనల్ బ్యాంకు పక్కన డివిజన్ స్ట్రీట్ వైపు తలుపున్న ఒక గదిలో అద్దెకుండేది. బ్యాంకంటే అంతే: ఒక కౌంటరు, దాని వెనక ముగ్గురు ఉద్యోగులు, గోడలో ఒక వాల్టు (డబ్బు భద్రపరిచే చిన్న గది), వాల్టులో ఒక ఇనప్పెట్టె. ఇప్పుడు ఆ గదిని 1876 నాటి రూపానికి తెచ్చి అక్కడి చరిత్ర సంఘం మ్యూజియంగా నడుపుతోంది. ఈ చిన్న గదిని మనసులో పెట్టుకుంటే మిగతా కథ అర్థమవుతుంది. పాలరాతి మహల్ని ఊహించుకుంటే "లక్షల డాలర్లు" కూడా నమ్మబుద్ధేస్తుంది.

"మొట్టమొదటి బ్యాంకు దోపిడీ" అన్నదానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. 1798లోనే ఫిలడెల్ఫియాలో కార్పెంటర్స్ హాల్లో ఉన్న బ్యాంక్ ఆఫ్ పెన్సిల్వేనియాకు కన్నం పడింది. పోయింది 1,62,821 డాలర్లు. తాళాలు చేసిన పాపానికి ప్యాట్రిక్ లయన్ అనే కమ్మరి అన్యాయంగా జైలుపాలయ్యాడు. యుద్ధం లేని రోజుల్లో పట్టపగలు తుపాకులతో చేసిన మొదటి దోపిడీ ఏదంటే సాధారణంగా మిజోరీలోని లిబర్టీ ఊరి పేరు చెబుతారు. అది 1866 ఫిబ్రవరి 13. నార్త్‌ఫీల్డ్‌కు పదేళ్ళ ముందు. ఈ లిబర్టీ సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక లక్షల డాలర్లు. దొంగలు డబ్బు నింపుకోవడానికి గోనె సంచి తెచ్చుకున్నారు. అందులో పడింది కౌంటరు దగ్గరున్న చిల్లర, చిన్న నోట్లు. మొత్తం 26 డాలర్ల 70 సెంట్లు. ఎనిమిది మందికి పంచితే మనిషికి మూడున్నర డాలర్లు కూడా రాదు. పేదలకు పంచాడంటున్నారు కాబట్టి ఈ లెక్క చెప్పాల్సి వచ్చింది.

మరి ఇనప్పెట్టెలో డబ్బు లేదా అంటే, ఉంది. వేల డాలర్లు ఉంది. అది వాళ్ళ చేతికి ఎందుకు రాలేదన్నదే ఈ భవనం చరిత్రలో అసలు కథ. వీడియో తలకిందులు చేసింది కూడా దాన్నే.

టైమ్ లాక్ అంటే ఏమిటో ముందు చూద్దాం. మామూలు తాళమైతే తాళంచెవి ఉన్నవాడి మెడ మీద కత్తి పెడితే తెరుచుకుంటుంది. అంకెల తాళమైతే అంకెలు తెలిసినవాణ్ణి కొట్టి చెప్పించవచ్చు. అందుకే దొంగలు రాత్రిపూట క్యాషియర్ల ఇళ్ళ మీద పడి, పెళ్ళాం పిల్లల ముందు తుపాకీ పెట్టి, బ్యాంకుకు నడిపించుకొచ్చి పెట్టెలు తెరిపించేవాళ్ళు. దీనికి విరుగుడుగా జేమ్స్ సార్జెంట్ అనే తాళాల నిపుణుడు 1873లో తలుపు లోపలివైపు గడియారం బిగించాడు. పెట్టిన సమయం అయ్యేదాకా గడియారం గడియను వదలదు. అంకెలు తెలిసినా, తాళంచెవి ఉన్నా, ప్రాణం పోతున్నా తెరుచుకోదు. 1876 నాటికి ఇది కొత్త సరుకు. దాని పేరు దొంగలకూ తెలుసు.

సెప్టెంబర్ 7, గురువారం, మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతం. అసలు క్యాషియర్ ఊళ్ళో లేడు. దేశానికి నూరేళ్ళు నిండిన సందర్భంగా ఫిలడెల్ఫియాలో పెట్టిన ప్రదర్శన చూడటానికి వెళ్ళాడు. ఆ కుర్చీలో తాత్కాలికంగా కూర్చున్నవాడు జోసెఫ్ లీ హేవుడ్. 39 ఏళ్ళవాడు, బానిసత్వం విషయమై ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు కొట్టుకున్న అంతర్యుద్ధంలో (1861-65) ఉత్తరాది సైన్యంలో పనిచేసి వచ్చాడు, ఊళ్ళోని కార్ల్‌టన్ కాలేజీకి కోశాధికారి కూడా. పక్కన అలాంజో బంకర్, ఫ్రాంక్ విల్కాక్స్. పొడవాటి నార కోట్లు తొడుక్కున్న ముగ్గురు లోపలికొచ్చి కౌంటరు మీంచి దూకారు. క్యాషియర్ ఎవరని అడిగారు. ముగ్గురూ నేను కాదంటే నేను కాదన్నారు. కుర్చీలో ఉన్నవాడే అయ్యుంటాడని హేవుడ్‌ను పట్టుకుని పెట్టె తెరవమన్నారు. దానికి టైమ్ లాక్ ఉంది, ఇప్పుడు తెరవడం కుదరదు అన్నాడతను.

వాల్టు పెద్ద తలుపు అప్పటికే తెరిచి ఉంది. ఆ ముగ్గురు దొంగల్లో ఒకడైన చార్లీ పిట్స్ అందులో అడుగుపెట్టగానే హేవుడ్ ఉరికి ఆ తలుపును అతని మీద మూసేయబోయాడు. వెనక్కి లాగి తుపాకీ మడమతో తల మీద కొట్టారు. గొంతు మీద కత్తి పెట్టి పైపైన కోశారు. చెవి పక్కన తుపాకీ పేల్చారు. తెరవలేనన్నాడు. ఈ గొడవలో బంకర్ వెనక తలుపులోంచి పరుగు తీశాడు. వెంటపడి కాల్చిన తూటా భుజంలోంచి దూసుకుపోయినా బతికి బయటపడ్డాడు.

తమాషా ఏమిటంటే ఆ సమయానికి ఇనప్పెట్టెకు తాళం పడి లేదు. తలుపు మూసి ఉంది, గడియ వేసి ఉంది. అంకెల చక్రం మాత్రం తిప్పలేదు. పిడి తిప్పి లాగితే వచ్చేది. ముగ్గురు దొంగల్లో ఒక్కడికీ చెయ్యి వేసి చూద్దామని తోచలేదు. ఇంతకీ జెస్సీ జేమ్స్ తెరిపించాడంటున్న పెట్టె ఇదే. తాళం పడని పెట్టెను కూడా వాళ్ళు తెరవలేకపోయారు. అడ్డుపడింది గడియారం కాదు, గడియారం పేరు చెప్పి అబద్ధమాడిన ఒక గుమాస్తా.

బయట కాల్పులు ముదిరి ఇక పారిపోదామనుకున్నప్పుడు, ముగ్గురిలో చివరగా వెళ్ళినవాడు వెనక్కి తిరిగి హేవుడ్ తలలోకి కాల్చాడు. డబ్బు కోసం కాదు, ఆత్మరక్షణ కోసం కాదు. అప్పటికి ఆట అయిపోయింది. ఉత్త కక్ష. ఆ కాల్చినవాడు జెస్సీ అన్న ఫ్రాంక్ జేమ్సా, జెస్సీయా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. వీడియోలో మాత్రం హేవుడ్ పేరే లేదు. కాల్పుల శబ్దం ఉంది, ఎవరికి తగిలిందో లేదు. నాకు అన్నిటికంటే ఒళ్ళు మండింది అక్కడే.

హేవుడ్ కథలో ఇంకొకటుంది. కొన్ని రోజుల ముందు కార్ల్‌టన్ కాలేజీ అధ్యక్షుడు అతనితో మాటల్లో 1864లో వెర్మాంట్‌లోని సెయింట్ ఆల్బన్స్ ఊరి బ్యాంకులను దక్షిణాది సైనికులు దోచిన సంగతి ఎత్తి, నీకలాంటిది ఎదురైతే వాల్టు తెరుస్తావా అని అడిగాడట. తెరుస్తాననుకోను అన్నాడట ఇతను. అతను పోయాక దేశంలోని బ్యాంకులు, కెనడా బ్యాంకులు కూడా కలిసి అతని భార్యకు, చిన్న కూతురికి 12 వేల డాలర్లకు పైగా పోగుచేసి ఇచ్చాయి.

"యజమానుల డబ్బు కోసం ప్రాణం పోగొట్టుకున్నాడు, పిచ్చివాడు" అని ఒక గ్రూపులో ఎవరో రాశారు. అందుకే "ధనవంతుల డబ్బు" అన్న ముక్క దగ్గర కాస్త ఆగాలి.

ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. ముఠాలో ముఖ్యుడైన కోల్ యంగర్ తర్వాత్తర్వాత చెప్పుకున్న సాకు ఇది. ఈ బ్యాంకులో అడెల్బర్ట్ ఏమ్స్ డబ్బు ఉందని, అతని మామ బెంజమిన్ బట్లర్ డబ్బు ఉందని, వాళ్ళు దక్షిణాదిని అణిచిన ఉత్తరాది జనరల్స్ కాబట్టి కొట్టామని. ఏమ్స్ నిజంగానే ఉత్తరాది జనరల్. మిసిసిపి గవర్నరుగా చేసి ఆ ఏడాది మార్చిలోనే దిగిపోయాడు. అతని కుటుంబానికి నార్త్‌ఫీల్డ్‌లో పిండి మిల్లు ఉంది, బ్యాంకులో వాటా ఉంది. అంతవరకు ఒప్పుకుంటాను. అయితే ఏమ్స్ మిసిసిపిలో ఎవరి పక్షాన నిలబడ్డాడో కూడా చెప్పాలి కదా. అప్పుడే బానిసత్వం నుంచి బయటపడిన నల్లవాళ్ళ ఓటు హక్కు కోసం నిలబడ్డాడు. దిగిపోవాల్సి వచ్చింది కూడా అందుకే. మరి ఇటు జేమ్స్ సోదరులో? మిజోరీలో వాళ్ళ ఇంటి పొలంలో బానిసలు పనిచేశారు. యుద్ధకాలంలో ఈ అన్నదమ్ములు చేరింది బానిసత్వం నిలవాలని కొట్లాడిన గెరిల్లా ముఠాల్లో. ఈ ఇద్దరిలో పేదల పక్షం ఎవరిదో వీడియో తీసినవాళ్ళు ఇంకోసారి ఆలోచించుకోవాలి.

పైగా పెట్టెలో ఉన్నది ఏమ్స్ ఒక్కడి డబ్బు కాదు. గోధుమలు అమ్ముకున్న రైతులు, దుకాణదారులు, కాలేజీ, అందరూ దాచుకున్నది అక్కడే. ఇవాళ బ్యాంకు మునిగినా కొంత మొత్తం వరకు డిపాజిట్‌కు బీమా ఉంటుంది. అమెరికాలో ఆ ఏర్పాటు వచ్చింది 1933 చట్టంతో. 1876లో అలాంటిదేమీ లేదు. బ్యాంకు నిలబడలేకపోతే వాటాదారులు తమ వాటా విలువకు సమానంగా మరో వంతు కట్టాలని జాతీయ బ్యాంకుల చట్టం చెప్పేది. ఆ వాటాదారులు కూడా ఊళ్ళోవాళ్ళే. అదీ చాలకపోతే నష్టం దాచుకున్నవాళ్ళ నెత్తినే.

ఇందాక గుర్తుంచుకోమన్న లిబర్టీ సంగతి ఇక్కడ పనికొస్తుంది. 1866లో అక్కడి క్లే కౌంటీ సేవింగ్స్ అసోసియేషన్‌ను దోచాక ఆ సంస్థ కోలుకోలేదు. డబ్బు దాచుకున్నవాళ్ళకు డాలరుకు 60 సెంట్ల చొప్పున ఇచ్చి మూతపడింది. మిగతా 40 సెంట్లు పోగొట్టుకున్నది రాజులూ రాణులూ కాదు. ఆ వీధిలో నడిచిపోతున్న ఒక కుర్ర విద్యార్థి తూటాకు చనిపోయాడు కూడా. ఆ దోపిడీలో జేమ్స్ సోదరులు స్వయంగా ఉన్నారా అన్నది తేలలేదు గాని, వాళ్ళతో యుద్ధంలో తిరిగిన గెరిల్లాల పనే అది. జెస్సీ అభిమానులు దాన్ని ఆయన ఖాతాలోనే వేస్తారు మరి.

"చుట్టుముట్టిన పోలీసులు" అన్న ముక్క విని నవ్వొచ్చింది. అక్కడ పోలీసులూ లేరు, సైన్యమూ లేదు. బ్యాంకు ముందు కొత్త ముఖాలు నిలబడ్డాయని అనుమానం వచ్చి చూడబోయినవాడు అలెన్ అనే హార్డ్‌వేర్ దుకాణదారుడు. వాకిట్లో కాపలా ఉన్న దొంగ క్లెల్ మిల్లర్ అతని కాలరు పట్టుకున్నాడు. విడిపించుకుని, బ్యాంకు దోచేస్తున్నారు, తుపాకులు తెచ్చుకోండర్రా అని వీధంతా కేకలు పెట్టాడు. ఎదురుగా తండ్రి మందుల షాపు ముందు కూర్చున్న హెన్రీ వీలర్ కూడా అరిచాడు. ఇతను సెలవులకు ఇంటికొచ్చిన వైద్య విద్యార్థి. ఎదురు హోటల్లోంచి సైన్యం వాడిన పాత తుపాకీ ఒకటి సంపాదించి, కొద్ది తూటాలతో పై అంతస్తు కిటికీలో కూర్చున్నాడు.

మ్యానింగ్‌ది ఇంకో హార్డ్‌వేర్ దుకాణం. కిటికీలో అమ్మకానికి పెట్టిన రైఫిల్ తీసుకుని మూల మీదికి వచ్చాడు. ఒక్కసారికి ఒకే తూటా పట్టే రకం అది. ఒక గుండు కాల్చగానే ఖాళీ తొడుగు లోపల ఇరుక్కుపోయింది. నడివీధిలో కాల్పులు జరుగుతుంటే దుకాణానికి తిరిగి వెళ్ళి, కడ్డీ తెచ్చి, తొడుగు పొడిచి తీసి, మళ్ళీ వచ్చి గురి చూశాడు. సినిమాల్లో ఈ సీను పెడితే నమ్మం. స్టేసీ అనే అతని చేతిలో ఉన్నది పిట్టలను కొట్టే రవ్వల తుపాకీ. దాంతోనే మిల్లర్ ముఖం మీద కాల్చాడు. తుపాకీ లేనివాళ్ళు రాళ్ళు విసిరారు.

మొత్తం ఏడు నిమిషాలు. వీలర్ తూటాకు మిల్లర్, మ్యానింగ్ తూటాకు మరో దొంగ బిల్ చాడ్వెల్ వీధిలోనే పడిపోయారు. కోల్ తమ్ముడు బాబ్ యంగర్ కుడి మోచెయ్యి నుజ్జయింది. ఊరివైపు హేవుడ్‌తో పాటు పోయిన రెండో ప్రాణం నికొలాస్ గుస్టాఫ్‌సన్. స్వీడన్ నుంచి కొత్తగా వచ్చిన వలస మనిషి. వీధిలోంచి పొమ్మని ఇంగ్లీషులో అరిచిన అరుపు అతనికి అర్థం కాలేదని చెబుతారు. తలకు తూటా తగిలి నాలుగు రోజులకు చనిపోయాడు. పేదల దేవుడి ముఠా ఆ రోజు చంపిన ఇద్దరిలో ఒకడు జీతగాడు, ఒకడు భాష కూడా రాని వలసజీవి.

 

ఇంత జరిగినా, ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పెట్టే రాబిన్‌హుడ్ అన్న పేరు జెస్సీకి ఎక్కడ అంటుకుంది? ఇది ప్రజల నోట పుట్టిన పేరు కాదు, పత్రికాఫీసులో పుట్టింది. 1872లో కాన్సాస్ సిటీ ప్రదర్శన దగ్గర టికెట్ల డబ్బు దోచుకున్నారు. ఆ కాల్పుల్లో ఒక చిన్నపిల్ల గాయపడింది. కాన్సాస్ సిటీ టైమ్స్‌లో జాన్ న్యూమన్ ఎడ్వర్డ్స్ ఆ దొంగలను పాతకాలపు వీరులతో పోలుస్తూ పొగడ్త రాశాడు. ఆయన యుద్ధంలో దక్షిణాది సైన్యపు మేజర్. ఓడిపోయిన పక్షానికి ఒక హీరో కావాల్సి వచ్చింది. కొద్దిరోజులకు అదే పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. రాసినవాళ్ళు తామే ఆ దొంగలమని చెప్పుకుని, ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పెడతామని రాసి, ఇంగ్లండు పాత దారిదొంగల పేర్లతో సంతకం చేశారు. ఎవరికి పెట్టారు, ఎంత పెట్టారు అన్నదానికి మాత్రం ఒక్క ఆధారం లేదు.

ఒక వితంతువు అప్పు తీర్చడానికి జెస్సీ డబ్బిచ్చి, అప్పులవాడు వసూలు చేసుకుని వెళ్తుంటే దారికాచి ఆ డబ్బు తిరిగి లాక్కున్నాడని ఒక కథ తిరుగుతుంటుంది. ఆవిడ పేరు ఉండదు, ఊరు చెప్పేవాణ్ణి బట్టి మారుతుంది. ఇదే కథను వేరే దొంగల పేర్లతో కూడా చెబుతారు. కథ బాగుంటుంది, కాదనను. నిజమే అనుకున్నా, చివరికి డబ్బు ఎవరి జేబులో ఉందో చూసుకోండి.

చివరిది, "ఒక్కరూ దొరకలేదు". దారి తెలిసినవాడు చాడ్వెల్. అతను మిన్నెసోటావాడు. వీధిలోనే పోయాడు. మిగిలిన ఆరుగురు తెలియని అడవుల్లో, రోజుల తరబడి వానలో, గాయాలతో తిరిగారు. జేమ్స్ సోదరులిద్దరూ విడిపోయి పడమటి వైపు తప్పించుకున్నారు. వీడియో చెప్పిన "మాయం" ఈ ఇద్దరి వరకే నిజం. మిగతా నలుగురినీ రెండు వారాలకు, సెప్టెంబర్ 21న, మడీలియా దగ్గర ఆస్కార్ సోర్బెల్ అనే పదిహేడేళ్ళ రైతుబిడ్డ గుర్తుపట్టి, గుర్రమెక్కి ఊళ్ళోకి పరుగెత్తి చెప్పాడు. హాన్స్కా చిత్తడి దగ్గర పొదల్లోకి వాళ్ళను పట్టుకోవడానికి ఏడుగురు దిగారు. చార్లీ పిట్స్ అక్కడే చనిపోయాడు. కోల్, జిమ్, బాబ్ యంగర్లు ముగ్గురూ లొంగిపోయారు. కోల్ ఒంటి మీద పదకొండు గాయాలు. జిమ్ దవడలో తూటా.

నేరం ఒప్పుకుంటే ఉరి తప్పుతుంది, అప్పటి మిన్నెసోటా చట్టం అది. ముగ్గురూ ఒప్పుకుని యావజ్జీవం మీద స్టిల్‌వాటర్ జైలుకు వెళ్ళారు. బాబ్ 1889లో క్షయతో అక్కడే పోయాడు. జెస్సీ కొత్త ముఠా కట్టి, 1882లో దాంట్లో చేరినవాడి చేతిలోనే వెనకనుంచి తూటా తిన్నాడు. కోల్, జిమ్ పాతికేళ్ళు శిక్ష అనుభవించి 1901లో పెరోల్ మీద బయటికొచ్చారు. వాళ్ళకు ఉద్యోగం ఇచ్చింది ఒక గ్రానైటు కంపెనీ. ఊరూరా తిరిగి సమాధి రాళ్ళు అమ్మిపెట్టాలి.